మూడుకాళ్ల స్టాండు మీద మా తాత

మొన్న మా బడికి పన్నెండు ఈజిళ్లు వచ్చాయి. నేను కొత్తకోట దగ్గర ఒక ఆడపిల్లల హాస్టలు బడిలో డ్రాయింగు చెప్తాను. ఇన్నాళ్లూ పిల్లలు నేల మీద బోర్లా పడుకొని, ఒకరి మోచేయి ఒకరికి తగిలి తగాదాలు పడుతూ బొమ్మలు వేసేవాళ్లు. ఇప్పుడు తళతళలాడే అల్యూమినియం స్టాండ్లు, గొడుగులాగా మడిచి సంచిలో పెట్టుకునేవి, అట్టపెట్టెల్లో దిగేసరికి వాళ్ల సంబరం ఇంతా అంతా కాదు. అన్నం గంట కొట్టినా కదలలేదు. పన్నెండింటినీ విప్పి, పొద్దున ప్రార్థనకు నిలబడ్డట్టు ఒకే వరసలో, ఒకే ఎత్తులో నిలబెట్టారు.

వాటిలో ఒకదాని ముందు ఆరో తరగతి పిల్ల ఒకతె మునివేళ్ల మీద లేచి, గడ్డం పైకెత్తి బొమ్మ వేస్తోంది. మెడ నొప్పిగా ఉందని మొహం చెప్తోంది గానీ నోరు చెప్పడం లేదు. నేను వెళ్లి మర తిప్పి కాగితాన్ని జానెడు కిందికి దించాను. "అది నీ కంటి ఎత్తుకు రావాలె బిడ్డా, నువ్వు దాని ఎత్తుకు పోవద్దు" అన్నాను. అన్నాక తెలిసింది, ఆ మాట నాది కాదు. మా మామది.

నాకింకా ముప్ఫై నిండలేదు. జ్ఞాపకాలు రాసుకునే వయసు కాదని నాకూ తెలుసు. కానీ నేను చూసిన లోకం నా కంటే ముందే వెళ్లిపోయింది, నేనేం చేయను? రాసుకోవాల్సిందే.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. నార్కట్‌పల్లి చౌరస్తాలో బోర్డులు రాసేవాడు. మన రాష్ట్రం వచ్చిన కొత్తలో ఆయనకు ఊపిరి సలిపేది కాదు. బడి గోడల మీద, ఆఫీసుల మీద, దుకాణాల మీద, ఎక్కడ చూసినా ఒక్క మాట చెరిపి ఇంకో మాట రాయాలి. ఫ్లెక్సీలు అప్పటికే వచ్చాయి గానీ ఒక్క మాట కోసం బోర్డంతా మార్చేదెవరు? అందుకని ఆ ఏడాది బ్రష్షు పట్టినవాడిదే రాజ్యం. పొద్దున నిచ్చెన ఎక్కితే పొద్దుగూకాక దిగేవాడు. గోళ్లలో ఎప్పుడూ నీలమో, పసుపో ఇరుక్కొని ఉండేది. ఆ పని ఇక జీవితాంతం ఉంటుందనుకున్నాడు పాపం. రాష్ట్రం పేరు అన్ని గోడల మీదా రాయడం పూర్తయ్యాక, ఆయన్ను పిలిచేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు.

కానీ మామకు అసలు ఇష్టం బోర్డులు కాదు, మనుషుల బొమ్మలు. వాటి కోసం ఒక స్టాండు చేయించుకున్నాడు. పాత దర్వాజ విప్పితే వచ్చిన టేకు చెక్కతో వాళ్ల ఊరి వడ్లాయన చేసిచ్చింది అది. ముందు రెండు కాళ్లు, వెనక ఒకటి. ముందు కాళ్లకు పైనుంచి కింది దాకా వరసగా బెజ్జాలు. రెండు బెజ్జాల్లో రెండు కర్ర మేకులు దూర్చి, వాటి మీద అడ్డంగా ఒక పట్టీ ఆనిస్తే, ఆ పట్టీ మీద బొమ్మ కూర్చుంటుంది. ఎత్తు పెంచాలంటే మేకులు పై బెజ్జంలోకి, తగ్గించాలంటే కింది బెజ్జంలోకి. వెనక కాలు జారిపోకుండా ఒక తాడు. ఆటోలో వేసుకొని వస్తుంటే చూసినవాళ్లంతా నిచ్చెన విరిగిందా అని అడిగేవారట.

దాని వల్ల నాకు మొదట తెలిసిన సంగతేమిటంటే, మూడు కాళ్లు నాలుగు కాళ్ల కంటే నయం. మా వాకిలి ఎగుడుదిగుడు. మంచం ఎక్కడ వేసినా ఒక కాలు కుంటుతుంది, దాని కింద పెంకు ముక్క పెట్టాల్సిందే. మామ స్టాండు మాత్రం ఎక్కడ పెడితే అక్కడ గట్టిగా నిలబడేది. నిలబెట్టాక కూడా ఆయన ఊరుకునేవాడు కాదు. వెలుగు ఎడమ పక్క నుంచి రావాలి, లేకపోతే మన చేతి నీడే బొమ్మ మీద పడుతుంది. బొమ్మ పైభాగం కాస్త ముందుకు వంగాలి, అప్పుడు తడి రంగు మీద ఎండ మెరిసి కళ్లలో కొట్టదు. ఇక నాలుగు గీతలు గీసి పది అడుగులు వెనక్కి నడవాలి, ఒక కన్ను మూసి చూడాలి, మళ్లీ వచ్చి గీయాలి. ఈ వెనక్కి నడిచే విద్యలో ఆయన రోజుకు రెండుసార్లయినా మా కోళ్ల గంప మీద పడేవాడు. కోళ్లు ఒక గోల, అవ్వ ఒక గోల.

ఆ స్టాండు మా ఇంటికి వచ్చింది మా తాత కోసం. తాత అంటే మా బాపు వాళ్ల నాయిన, అవ్వ పెనిమిటి. అప్పటికి ఆయన పోయి ఏడాది దాటింది. మాది గొర్ల మంద ఉన్న ఇల్లు. తాత ఏడాదిలో సగం మందను తోలుకొని ఎక్కడ గడ్డి ఉంటే ఆ ఊళ్లకు పోయేవాడు, మిగతా సగం మా ఇంటి ఎదుటి గుట్ట మీద ఉండేవాడు. ఆయనకు ఒక్క ఫోటో లేదు. బాపు పెళ్లి ఆల్బంలో ఆయన కనబడడు, అందరూ ఫోటో దిగే వేళకు గొర్లకు నీళ్లు పెట్టాలని వెళ్లిపోయాడట. ఏదో కార్డు మీద గోరంత ఫోటో ఒకటుండేది గానీ, ఆ కార్డును గొంగడి మడతలో పెట్టుకొని వానలో తిరిగితే మొహం ఉండాల్సిన చోట నీలం మరక మిగిలింది. మా ఇంట్లో సెల్‌ఫోన్ మాట్లాడటానికే పనికొచ్చే రకం.

బతుకమ్మ మొదలయ్యే అమావాస్యను మా వైపు పెత్రమాస అంటారు. పోయిన పెద్దలకు అన్నం పెట్టే రోజు. ప్రతి ఇంట్లో గోడ మీద ఒక ఫోటో, దానికి బొట్టు, దండ, కింద విస్తరి. తాత పోయాక వచ్చిన మొదటి పెత్రమాసకు అవ్వ ఉత్త గోడ ముందు విస్తరి పెట్టింది. అప్పుడేమీ అనలేదు. ఆ తర్వాత మాత్రం అన్నం తినేటప్పుడల్లా ఆ గోడ వైపు చూసేది. ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు, మందు బిళ్ల కూడా మేము ఇస్తేనే వేసుకునేది. అట్లాంటి అవ్వ తనకు తానే మామను అడిగింది, ఈ పెత్రమాసకన్నా ఆయన మొహం చూసుకుంటూ అన్నం పెట్టాలని ఉందని. మామ ఒప్పుకున్న పనులన్నీ పక్కన పెట్టి, పండుగకు పది రోజుల ముందే స్టాండు భుజాన వేసుకొని వచ్చాడు.

ఫోటో లేకుండా బొమ్మ ఎట్లా వేస్తారు? అక్కడే నా చావుకొచ్చింది. ఊళ్లో అందరూ నాకు తాత పోలిక అనేవాళ్లు. నుదురు, కనుబొమ్మలు, కూర్చున్నప్పుడు తల ఒక పక్కకు వాలడం, అన్నీ ఆయనవేనట. ఎనిమిదో తరగతి పిల్లను పట్టుకొని అచ్చం ముసలాయనే అంటుంటే సంతోషపడాలా? నాకు ఏడుపొచ్చేది. పైగా బొమ్మ కోసం బడి కూడా మానిపించారు. నా స్నేహితులంతా బడి వదలగానే తంగేడు పూల కోసం చెలకల వెంట తిరుగుతుంటే, నేను తాత రుమాలు చుట్టుకొని, తాత గొంగడి కప్పుకొని, ఎండలో ముక్కాలి పీట మీద కూర్చున్నాను.

ఆ గొంగడిని అవ్వ ఏడాదిగా ఎవరినీ ముట్టనివ్వలేదు. చింతగింజల గంజి పెట్టి నేసిన గొంగడి, అట్టలాగా బిరుసుగా ఉండేది. దానికి ఎన్ని వాసనలో. గొర్రె ఉన్ని, పాత వాన, బీడీ పొగ, ఎండిన గడ్డి. మొదటిరోజు ముక్కు మూసుకున్నాను. రెండోరోజు ఎవరూ చూడకుండా మడతలో ముక్కు పెట్టి గట్టిగా పీల్చాను. నన్ను భుజాల మీద ఎక్కించుకొని జాతర చూపించినప్పటి తాత ఆ వాసనలో ఉన్నాడు. నాకు దుఃఖం వచ్చింది, కానీ కదిలితే మామ తిడతాడని అట్లాగే బిగబట్టుకొని కూర్చున్నాను.

మామ నా తలా, బొమ్మలోని తలా ఒకే ఎత్తున ఉండేట్టు పట్టీని సరిచేసేవాడు. చూపు పక్కకు కదిలితే చాలు, పైకీ కిందికీ తిరగకూడదట. అమ్మ ఉడకబెట్టిన బొబ్బర్ల గుడాలు, సర్వపిండి ముక్కలు తెచ్చి నా ఒళ్లో పెట్టేది. మామ రుమాలు వేస్తున్నంతసేపు నమలొచ్చు. దవడ దగ్గరికి వస్తే నోరు కదపకూడదు. దవడ ఎప్పుడు వేస్తాడా అని భయపడుతూ గబగబా మింగేదాన్ని. చెవులు మాత్రం నావి పనికిరావని బాపును పిలిచి ఆయన చెవులు వేశాడు. మీసం దగ్గర ఊరంతా వచ్చి తీర్పు చెప్పింది. ఒకరు పైకి తిప్పేవాడన్నారు, ఒకరు కిందికి వేలాడేదన్నారు. మామ ఒక పక్క పైకి, ఒక పక్క కొంచెం కిందికి వేసి అందరినీ మెప్పించాడు.

మూడు రోజుల్లో బొమ్మ పూర్తయింది. ఎదురింటి ముసలమ్మ దాని ముందు నిలబడి కళ్లు తుడుచుకుంది. బాపు పెద్దగా మాట్లాడడు, ఆయన కూడా ఇది అచ్చం తన నాయినేనన్నాడు. అందరూ చూశాక అవ్వ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. బొమ్మను చాలాసేపు చూసింది. మామ బ్రష్షు వెనక్కి దాచుకొని, పరీక్ష పేపరు ఇచ్చిన పిల్లాడిలాగా నిలబడ్డాడు.

"మంచిగనే ఉన్నడు" అంది అవ్వ. "ఎవలు బిడ్డా ఈయన?"

నేను నవ్వాను. అమ్మ నా తొడ మీద గిచ్చింది. మామ నవ్వలేదు, కోప్పడలేదు. ఎక్కడ తేడా ఉందో చెప్పమని, సరిచేస్తానని అడిగాడు. ముక్కా? అవ్వకు తెలియదు. కళ్లా? తెలియదు. తాతకు చెంప మీద మేక కొమ్ము గుచ్చిన మచ్చ ఒకటుండేది. అది కుడి పక్కనా, ఎడమ పక్కనా అని బాపుకూ అమ్మకూ వాదన వచ్చింది. చివరికి ఇద్దరూ అవ్వ వైపు చూశారు. అవ్వ నేల చూసింది. కాసేపు నిలబడి, పిల్లలకు ఆకు వేసి వస్తానని దొడ్డి వైపు వెళ్లిపోయింది. మా ఇంట్లో పిల్లలంటే గొర్రెపిల్లలే, మేము కాదు.

నేను వెనకాలే వెళ్లాను. గొర్రెపిల్లల మధ్య కూర్చొని అవ్వ ఏడుస్తోంది. అవ్వ ఏడవడం నేను తాత పోయిన రోజున కూడా అంతగా చూడలేదు. దగ్గర కూర్చొని ఎందుకని అడిగాను. మొదట ఏం లేదంది. తర్వాత నా చేయి పట్టుకొని మెల్లగా చెప్పింది.

"నలభై ఏండ్లు కాపురం జేసిన బిడ్డా. ఆయన మొకం నాకు యాదికొస్తలేదు. మచ్చ ఏ దిక్కున్నదో గూడ ఎరుక లేదు. గిది ఎవలికన్న చెప్పుకునే మాటనా?"

అప్పుడు చెప్పుకొచ్చింది. తాను కాపురానికి వచ్చిన కొత్తలో అత్త, అత్తకు అత్త, ఇద్దరు బావలు ఉన్న ఇల్లు. వాళ్ల ముందు మొగుని మొహం ఎత్తి చూడటమా? అన్నం పెట్టినా తల వంచుకొనే పెట్టాలి. ఆయన వెలుగు రాకముందే మందతో వెళ్లేవాడు, చీకటి పడ్డాక వచ్చేవాడు. సగం ఏడాది ఊళ్లోనే ఉండడు. అత్తలు పోయి, బావలు వేరుపడి, ఇల్లు తనదయ్యేసరికి ఆ తల వంచుకోవడం అలవాటైపోయింది. అందరూ గుర్తుపట్టిన మొహాన్ని తానొక్కతే గుర్తుపట్టలేకపోయింది. ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టి, పోయి మామకు చెప్పేశాను.

మామ అంతా విన్నాడు. అవ్వను ఇంకేమీ అడగనన్నాడు. ఆ బొమ్మనే ఇంకోరకంగా దిద్దడం మొదలుపెట్టాడు. ఒక మచ్చ కుడి వైపు పెట్టాడు, చెరిపాడు, ఎడమ వైపు పెట్టాడు.

అట్లా రెండు రోజులు దిద్దాక జరిగింది చూడండి. మా ఇళ్లలో నిటారుగా నిలబడ్డ కర్ర ఏది కనబడినా చేయి ఊరుకోదు, దానికి గొర్రెపిల్లను కట్టేస్తుంది. మంచం కోడు, దర్వాజ గొళ్లెం, ఒకసారి చుట్టానికొచ్చిన పెద్దమనిషి మోటారు సైకిలు కూడా. మామ అన్నానికి లోపలికి వెళ్లాడు. అవ్వ ఒక తుంటరి పిల్లను ఎత్తుకొచ్చి, వాకిట్లో సమయానికి కనబడ్డ స్టాండు వెనక కాలికి కట్టి, నీళ్లకు వెళ్లింది. తల్లి గొర్రె అరిచింది. పిల్ల ఒక్క గుంజు గుంజింది. మేము బయటికి వచ్చేసరికి స్టాండు పడి ఉంది, తాత బోర్లా పడి ఉన్నాడు, గొర్రెపిల్ల తాడుతో సహా తల్లి దగ్గర పాలు తాగుతోంది.

మామ బొమ్మను తిరగేశాడు. తడి రంగు నిండా మట్టి, గొర్రె పెంటికలు, ఒక కోడి ఈక. మొహం లేదు. అవ్వ బిందెతో వచ్చి చూసి, బిందె దించకుండానే నిలబడిపోయింది. ఇక తిట్లేనని నేను చెవులు మూసుకోబోయాను. మామ ఈక పీకి చేతిలో పట్టుకొని, గొర్రెపిల్లకు కూడా ఈ బొమ్మ నచ్చలేదే అన్నాడు. బాపు నవ్వాడు, అమ్మ నవ్వింది. అవ్వ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. కావాలనే కట్టావు కదా అని తర్వాత చాలా ఏళ్లు అవ్వను ఏడిపించేదాన్ని. ఆమె ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు.

అప్పటికి పెత్రమాస ఇంకా నాలుగు రోజులుంది. మామ చట్రం మీద కొత్త గుడ్డ బిగించి, నన్ను మళ్లీ గొంగడిలో కూర్చోబెట్టాడు. కానీ ఏం వేయాలో ఆయనకే తెలియడం లేదు. ఉత్త గుడ్డ ముందు నిలబడి గడ్డం గోక్కుంటున్నాడు. నాకు విసుగొచ్చింది. సీతాఫలాల కాలం అది. మా ఇంటి ఎదుటి గుట్ట మొదట్లో సీతాఫలం చెట్లు ఉన్నాయి, కళ్లు విచ్చిన కాయలను రామచిలుకలు నా కంటే ముందే తింటున్నాయని నా బాధ. మామ అటు తిరగగానే గొంగడితోనే జారుకున్నాను. గొంగడి తీస్తే మడతలు మారిపోతాయని ఆయనే అన్నాడు కదా, నా తప్పేముంది? పోతూ పోతూ కాయలు కొట్టడానికి చూరులో ఉన్న తాత కర్రను పట్టుకుపోయాను.

పొద్దు వాలుతోంది. గుట్ట వాలులో ఒక బండ మీద నిలబడి, ఏ కాయ పండిందో వెతుకుతున్నాను. కాలు నొప్పి పుట్టి, కర్రను చంకలో ఆనించుకొని, ఒక పాదం ఎత్తి రెండో మోకాలికి ఆనించాను. మంద కాసేవాళ్లందరూ అట్లాగే నిలబడతారు, నాకు ఎవరూ నేర్పలేదు. తల మీద గొంగడి కొప్పెర. అంతే, ఇంకేమీ చేయలేదు.

ఇక్కడ వాకిట్లో ఏం జరిగిందో మామ చెప్తేనే నాకు తెలిసింది. అవ్వ గడప మీద కూర్చొని చాటలో బియ్యం ఏరుతోందట. ఎందుకో తలెత్తి గుట్ట వైపు చూసిందట. చేతిలో బియ్యం చేతిలోనే ఆగిపోయాయట. ఆమె ఎవరితోనూ కాదు, తనలో తానే అన్న మాట మామ విన్నాడు.

"పొద్దు ఇంక ఉండంగనే వస్తుండేంది?"

అని, మరుక్షణమే తేరుకొని, చాట పక్కన పెట్టి మామ వైపు చూసిందట. మామ స్టాండు ఎత్తుకొచ్చి గడప పక్కన, అవ్వ భుజం దగ్గర పెట్టాడు. మేకులు పీకి కింది బెజ్జాల్లోకి దించాడు. అవ్వ కూర్చుంటే ఆమె కళ్లు ఎంత ఎత్తున ఉంటాయో అంత ఎత్తుకు. తాను నేల మీద బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. నేను రెండు కాయలు కొట్టుకొని దిగబోతుంటే, అక్కడే ఉండమని కేక వేశాడు. నాలుగు రోజులూ పొద్దు వాలే వేళకు నేను ఆ బండ మీద ఒంటికాలి మీద నిలబడ్డాను. కాయలు తినొచ్చన్నాడు, అంత దూరం నుంచి దవడ కనబడదట. అది నాకు బాగా నచ్చింది.

అవ్వ ఇప్పుడు మాట్లాడటం మొదలుపెట్టింది. ఏది అడిగినా తెలియదన్న మనిషి, ఆపితే ఆగడం లేదు. ఎడమ భుజం ఇంకొంచెం వాలాలంది. కర్ర అంత నిటారుగా పట్టుకోడంది. గొంగడి వెనక కొస ఎప్పుడూ నేలకు రాసుకుంటుందంది. ముందు రెండు మేకలు, వెనక మంద, అన్నింటి వెనక కుంటిది ఒకటి, దాన్ని తీసుకురావడానికే ఆయన ఆగి వెనక్కి చూస్తాడంది. సద్ది పట్టుకొని తాను ఈ వాకిట్లో నుంచి, చెలక గట్టు నుంచి, వాగు ఒడ్డు నుంచి ఆయన్ను ఎన్ని వేలసార్లు చూసిందో. దూరాన ఉన్న తాత ఆమెకు పూర్తిగా తెలుసు. దూరంగా ఉన్నప్పుడు ఎవరూ తల వంచుకొమ్మనరు కదా. మామ ఆమె చెప్పిందల్లా వేశాడు.

అట్లా అయిన బొమ్మలో సగం గుట్ట, సగం ఆకాశం. మధ్యలో వేలెడంత మనిషి. మొహమే లేదు.

బాపుకు అది అస్సలు నచ్చలేదు. పెత్రమాసకు పాలోళ్లంతా, అంటే మా దాయాదులంతా, వస్తారు, వాళ్లకు ఏం చూపించాలని ఆయన బాధ. ముందు రోజు మామను పక్కకు పిలిచి, మర్యాదగానే, కానీ గట్టిగా అడిగాడు.

"బొట్టు యాడ పెట్టాలె బామ్మర్ది? దండ ఎవలకెయ్యాలె, గుట్టకా? మా నాయినకు మొకం లేకుంట జేస్తివి."

మామ బావతో వాదించే మనిషి కాదు. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదని అమ్మ చెప్పింది. నాకు బాపు మీద కోపం వచ్చింది, బాపు అన్నదీ నిజమేననిపించింది. అవ్వ మాత్రం ఏమీ విననట్టు గారెల పప్పు నానబోసుకుంది.

పెత్రమాస నాడు పాలోళ్లు వచ్చారు. మటన్ వండారు, గారెలు చేశారు, తాతకు ఇష్టమని కల్లు ముంతలో పోసి పెట్టారు, ఒక బీడీ కట్ట కూడా. బొమ్మను లోపలి గోడకు పెట్టాలని బాపు మేకు తీసుకున్నాడు. మామ ఒక్కసారి నోరు విప్పాడు. ఇంట్లో పెడితే మూడడుగుల దూరం, ఈ బొమ్మకు వాకిలంత దూరం కావాలన్నాడు. స్టాండును తీసుకెళ్లి వాకిలి ఆ చివర నిలబెట్టి, గడప దగ్గర కూర్చున్న అవ్వ కంటికి సరిగ్గా ఎదురుగా దించాడు. వచ్చినవాళ్లు దగ్గరికి వెళ్లి వంగి చూశారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన గొర్లు బాగున్నాయన్నాడు. బాపు మొహం ఎర్రబడింది.

ఆ తర్వాత స్టాండు మామతో తిరిగి వెళ్లలేదు. ఇంకోటి చేయించుకుంటానన్నాడు గానీ చేయించుకోలేదు. బ్రష్షులు పక్కన పెట్టి ఇప్పుడు ఫ్లెక్సీల దుకాణంలోనే కంప్యూటర్ ముందు కూర్చుంటాడు, బాగానే ఉన్నాడు. అవ్వ ఇంకో ఆరు పెత్రమాసలు చూసింది. ఆరింటికీ ఆ స్టాండు వాకిట్లోకి వచ్చింది. నేను బొమ్మల చదువు చదువుకుంటానంటే ఇంట్లో ఎవరూ వద్దనలేదు, ముఖ్యంగా బాపు. ఎందుకు వద్దనలేదో నాకు తెలుసు. ఆ బొమ్మ పెట్టిన మొదటి పెత్రమాస మధ్యాహ్నం ఆయన కూడా అక్కడే ఉన్నాడు కదా.

ఆ మధ్యాహ్నం బాపు ఈ తతంగం తొందరగా ముగిస్తే చాలన్నట్టు, వడ్డించమని అమ్మకు చెప్పాడు. అమ్మ గడప ముందు విస్తరి పరిచి, అన్నం గిన్నె మూత తీసింది. ఆవిరి లేచింది. గంటెతో అన్నం తీయబోతుంటే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. ఆమె చూపు వాకిలి చివరనే ఉంది.

"ఆగు బిడ్డా. ఆయన ఇంక గుట్ట మీదనే ఉన్నడు. దిగి రావాలె గద. ఇప్పుడే పెడితే సల్లారిపోతది."

అమ్మ గంటె పట్టుకొని అట్లాగే ఉండిపోయింది. బాపు నిలబడ్డవాడు నిలబడ్డట్టే కాసేపు అవ్వను చూశాడు. తర్వాత వచ్చి ఆమె పక్కన, గడప మీద కూర్చున్నాడు. ఆమె ఎత్తుకు తల వంచి, ఆమె చూసే వైపు చూశాడు. చెయ్యి చాపి అన్నం గిన్నె మీద మూత తానే పెట్టాడు.

మేమంతా కూర్చున్నాం. పాలోళ్లు కూడా ఎక్కడివాళ్లు అక్కడ కూర్చున్నారు. ఇప్పటికి ఎన్నో ఊళ్లలో ఎన్నో గొప్ప బొమ్మలు చూశాను, వాటి ముందు తోసుకుంటూ నిలబడ్డ జనాన్ని చూశాను. బొమ్మలోని మనిషి ఇంటికి వచ్చేదాకా అన్నం ఆపుకొని కూర్చున్నవాళ్లను మాత్రం మళ్లీ చూడలేదు. నాకు ఆకలి దంచేస్తోంది, అయినా పెట్టమని అడగాలనిపించలేదు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండినట్టే ఉంటుంది.

ఎంతసేపో తెలియదు. అవ్వ కొంగు తల మీదికి లాక్కొని, కొంచెం పక్కకు జరిగి, విస్తరి ముందు ఒక మనిషి కూర్చునేంత జాగా చేసింది.

"ఇగ పెట్టు" అంది.